బేసి తేదీల్లో మేం ముందు

జూలై 30, 2013, మంగళవారం

తెలంగాణ ఇస్తామన్నారు. ఢిల్లీలో సాయంత్రం ప్రకటించారు. మధురానగర్ మొత్తం పటాకుల పొగ. కింది హాస్టల్ పిల్లలు రోడ్డు మీద చొక్కాలు విప్పి ఎగురుతున్నారు.

నేను అమ్మను గట్టిగా పట్టుకున్నాను. అమ్మ టీవీ మీంచి చూపు తిప్పలేదు.

“ఇస్తమన్నరా, ఇచ్చిండ్రా? జర సక్కగ ఇను,” అంది. అరవై తొమ్మిది ఉద్యమంలో లాఠీ దెబ్బ తిన్న మనిషి మా అమ్మ వజ్రమ్మ. ప్రకటనలకు కరగదు.

సంతోషంగా ఉంది. ఇది నా సంతోషమేనా, చుట్టూ పటాకులు కాలుతున్నాయి కనుక వచ్చిందా అని కూడా ఉంది. నలభై నాలుగేళ్లొచ్చినా ఈ జబ్బు పోలేదు.

ఆగస్టు 6, మంగళవారం

ఎర్రమంజిల్‌లో మా ఆఫీసు గేటు దగ్గర లంచ్ అవర్‌లో రెండు సభలు. ఎడమ పక్క మేం, జై తెలంగాణ. కుడి పక్క వాళ్లు, సమైక్యాంధ్ర. మాకో మైకు, వాళ్లకో మైకు. అరగంట అరిచాక ఎవరేమన్నారో ఎవరికీ తెలియలేదు. ఎదురుగా మెట్రో స్తంభానికి గుంత తవ్వుతున్న యంత్రం మాత్రం అందరికీ వినిపించింది.

చివరికి మా యూనియన్ నాయకుడు రాఘవేందరూ, వాళ్ల పక్షాన అకౌంట్స్ సూపరింటెండెంట్ చక్రపాణిగారూ క్యాంటీన్‌లో ఎదురెదురుగా కూర్చున్నారు. నన్ను పిలిచారు. పొలిటికల్ సైన్స్ ఎం.ఏ. కదా, ఒప్పందం రాయమన్నారు. ఇరవై ఏళ్లుగా ఇక్కడ జీవోలు తెలుగు చేస్తున్నాను. నా డిగ్రీ గుర్తొచ్చింది ఇవాళే.

రాసేశాను. ఇకనుంచి ఒకే మైకు. ఒక్కో పక్షానికి ఇరవై నిమిషాలు. బేసి తేదీల్లో మేం ముందు, సరి తేదీల్లో వాళ్లు ముందు. ఒకరు మాట్లాడుతున్నప్పుడు ఇంకొకరు టీ తాగాలి, అరవకూడదు.

చక్రపాణిగారు రెండుసార్లు చదివి, “ఎంత న్యాయంగా రాశారండీ!” అన్నారు. మామూలు మాటే. ఎవరైనా అంటారు.

ఆగస్టు 7

ముందు వరుసలో నిలబడ్డాను. అక్కడ వేపచెట్టు నీడ ఉంది.

ఆగస్టు 12

వాన. అయినా ముందు వరుసే. అలవాటైపోయింది.

ఆగస్టు 13, మంగళవారం

చక్రపాణిగారు ఇవాళ మైకులో ఆవేశపడ్డారు. ముప్పై ఏళ్ల కిందట బెజవాడ నుంచి పెట్టె పట్టుకుని వచ్చిన సంగతి, పంజగుట్టలో అద్దె గది, ఇక్కడే పెళ్లి, ఇక్కడే కూతురు పుట్టడం, ఇక్కడే భార్య పోవడం, అన్నీ చెప్పారు. చెబుతూ చెబుతూ గొంతు పైకి వెళ్లిపోయింది.

“రాష్ట్రం విడిపోతే ఈ ఊళ్లో నేనుండను! సామాన్లు సర్దుకుని వెళ్లిపోతాను! ఇది నా మాట!”

మా వాళ్లు ఈలలు. టీ గ్లాసు పైకెత్తి రాఘవేందర్ అరిచాడు: “అన్నా, లారీ మేమే మాట్లాడి పెడ్తం! ఫికర్ చెయ్యకు!”

అందరూ నవ్వారు. చక్రపాణిగారు కూడా నవ్వారు. సభ అయిపోయాక మా నినాదాలు అందరికంటే గట్టిగా నేనే ఇచ్చాను.

రాత్రి అన్నం సహించలేదు. క్యాంటీన్ మిరపకాయ బజ్జీ వల్ల.

ఆగస్టు 14

ఒకటి రాసుకోవాలి. రెండేళ్ల కిందట ఆఫీసు లిఫ్టు చెడిపోయింది. “శుక్రవారానికి బాగు చెయ్యకపోతే జన్మలో ఈ లిఫ్టు ఎక్కను” అన్నారు చక్రపాణిగారు. అది సోమవారానికి బాగయింది. ఇప్పటికీ ఆయన మెట్లే ఎక్కుతారు. ఆయన సీటు గ్రౌండ్ ఫ్లోర్‌లో, మా అనువాద విభాగం నాలుగో అంతస్తులో.

అలాంటి మనిషి ఆయన.

ఆగస్టు 21, బుధవారం

ఆయాసపడుతూ వచ్చి నా టేబుల్ ముందు నిలబడ్డారు. చేతిలో ఫైలు. అటెండర్‌తో పంపవచ్చు.

“నవీనగారూ, ఫైలు ఒట్టిదేనండీ. మా నినాదం ఒకటి చూసిపెడతారా? నలుగురూ కలిసి అనేసరికి చతికిలబడుతోంది.”

కాగితం మీద ఇలా ఉంది: ‘మన రాష్ట్రాన్ని ఎల్లప్పుడూ కలిసికట్టుగా ఉంచుకొనవలెను.’

“దీన్ని అరిచేలోపు లంచ్ అవర్ అయిపోతుందండీ,” అన్నాను.

“అదే కదా మా బాధ!”

అవతలి పక్షం నినాదం నేను దిద్దడమేమిటి? కానీ నాసి తెలుగు కళ్లముందు పడి ఉంటే చేతులు ఊరుకోవు. వృత్తి. కాగితం తిప్పి రాసిచ్చాను:

‘గీత గీస్తే ఊరుకోం! గోడ కడితే ఒప్పుకోం!’

పెదాలు కదుపుతూ చదువుకుని, మెట్లు దిగుతూ కూడా అనుకుంటున్నారు. నాలుగో అంతస్తు నుంచి కిందిదాకా వినిపించింది.

ఆగస్టు 22

సరి తేదీ. వాళ్లు ముందు. గేటు అదిరిపోయింది.

“గీ నినాదం ఎవలు రాసిచ్చిండ్రో గానీ మస్తుగున్నది మేడం,” అన్నాడు రాఘవేందర్. “మనకు సుత గసొంటిది ఒకటి కావాలె.”

సాయంత్రం కూర్చుని మాకూ రాశాను: ‘అడిగేది భిక్షం కాదు! ఆపనీకి హక్కు లేదు!’ ఇదే మెరుగ్గా వచ్చింది. నిష్పక్షపాతంగా చెబుతున్నాను.

ఆగస్టు 29

అన్నం వడ్డిస్తూ అమ్మ, “ఇయ్యాల మైకాయన ఏమన్నడు?” అంది.

“ఏ మైకాయన?”

“నువ్వు దినాం చెప్తవు గదనే, గా బెజవాడాయన.”

నేను రోజూ చెబుతున్నానా? మన వాళ్ల ఉపన్యాసాలూ చెబుతున్నాను కదా అన్నాను. నెల నుంచి రాఘవేందర్ పేరు ఒక్కసారి విన్లేదంది అమ్మ.

ప్రత్యర్థి వాదన తెలుసుకుని ఉండాలి. అందుకని.

సెప్టెంబర్ 4, బుధవారం

రాసుకుంటే తప్ప నిద్ర పట్టేలా లేదు.

క్యాంటీన్‌లో అందరి ముందూ చక్రపాణిగారు నన్ను మెచ్చుకున్నారు. “నవీనగారి తెలుగు ఎంత బాగుంటుందండీ! అసలు తెలంగాణ అనిపించనే అనిపించదు.”

చిరునవ్వు నవ్వాను. అదే తలుచుకుంటే ఒళ్లు మండుతోంది. నవ్వానెందుకు?

ఆయన మాటలో విషం లేదు. అదే బాధ. మా అమ్మ మాట్లాడేది తెలుగు కాదన్నట్టూ, నేను ఏదో రోగం నుంచి కోలుకున్నట్టూ. బళ్లో ‘వస్తుండు’ అంటే తరగతి తరగతంతా నవ్వింది. ‘వస్తున్నాడు’ అని నేర్చుకున్నాను. ఉద్యోగం దానితోనే. ఆఖరికి ఒక్కదాన్నీ కూర్చుని, ఎవరూ చదవని ఈ డైరీ రాసుకునేది కూడా బడి తెలుగులోనే. ఇంత లోపలికి ఎవరు వచ్చి కూర్చున్నారు?

విడిపోదామంటే వీళ్లకు విచిత్రం. నాకు విచిత్రం కాదు. మాసబ్ ట్యాంక్‌లో భర్త ఇంటి నుంచి రెండు సూట్‌కేసులతో బయటికి వచ్చినప్పుడు కూడా అందరూ ‘కలిసుంటే ఎంత బాగుంటుంది’ అన్నారు. మామయ్యలు, పిన్నిలు, వకీలు, పాలాయన. ఆ ఇంట్లో నాతో పాటు ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు అందులో. పదిహేనేళ్లయింది. ఒక్క రోజు పశ్చాత్తాపపడలేదు. అన్నీ అనుమానించే నేను ఆ ఒక్కదాన్ని మాత్రం అనుమానించలేదు.

సెప్టెంబర్ 5

మాట్లాడలేదు.

సెప్టెంబర్ 6

మాట్లాడలేదు. ఆయన గమనించినట్టు లేదు.

సెప్టెంబర్ 11

గమనించారు. గేటు అవతల నుంచి నా వైపే చూస్తూ ఉపన్యాసంలో ఒక వాక్యం రెండుసార్లు చదివారు. అదేం పెద్ద వాక్యం కూడా కాదు.

సెప్టెంబర్ 17, మంగళవారం

నాలుగు అంతస్తులు ఎక్కి వచ్చారు. ఈసారి చేతిలో ఫైలు కూడా లేదు.

“నేనన్న మాట మా ధాత్రికి చెప్పానండీ. గొప్పగానే చెప్పాను. అది తిట్టింది. ‘నాన్నా, నీ తెలుగులో బెజవాడ అస్సలు కనిపించదు అని ఎవరైనా నిన్ను మెచ్చుకుంటే స్వీటు పంచుతావా?’ అని అడిగింది.” కాస్త ఊపిరి తీసుకున్నారు. “పంచనండీ. తంతాను.”

నేను పెన్నుకు మూత పెట్టాను.

“తన్నండి,” అన్నారు.

ఏం జరిగిందో నాకే తెలియదు. ఆఫీసులో ఇరవై ఏళ్లలో రాని మాట వచ్చేసింది. “జర సమజైందా ఇగ? ఇంకోపారి గట్లంటే ఊకోను.”

“మస్తు సమజైందండీ,” అన్నారు. ఆ ‘మస్తు’ అంత అధ్వాన్నంగా పలికినవాళ్లను నేనింతవరకూ చూడలేదు. పక్క సీట్లలో వాళ్లు తలలెత్తి చూసేంతగా నవ్వాను.

సాయంత్రం పంజగుట్ట దాకా నడిచాం. ట్రాఫిక్ కదలడం లేదు, బస్సులో కూర్చుంటే నష్టం. అంతే. ఇరానీ హోటల్లో టీ. వాదన మళ్లీ మొదలు. కలిసుంటే ఏమిటి నష్టం అన్నారు. మాసబ్ ట్యాంక్ సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. కలిసుండమన్న వాళ్లలో ఆ ఇంట్లో ఉండేవాళ్లెవరూ లేరని కూడా చెప్పాను.

ఆయన గ్లాసు తిప్పుతూ కూర్చున్నారు. “మీరు వెళ్లాలనుకుని వెళ్లారు,” అన్నారు. “మా ఆవిడ పోయినప్పుడు నన్నెవరూ అడగలేదండీ, విడిపోతావా అని. అప్పటినుంచీ ఆ మాట వింటేనే నాకు... వాదన కాదులెండి ఇది. మైకులో చెప్పలేను.”

నేను కూడా నాది మైకులో చెప్పలేను. ఆ మాటే అన్నాను.

ఇద్దరం ఉస్మానియా బిస్కట్లు ముంచుకుని తిన్నాం. ఒక్క విషయంలోనూ ఏకాభిప్రాయం రాలేదు.

అక్టోబర్ 3

ఢిల్లీలో క్యాబినెట్ ఆమోదించింది. మళ్లీ పటాకులు. అమ్మ, “ఇంకా ఇయ్యలే,” అంది.

అమ్మ మాట విని ఎందుకో నాకు కొంచెం నెమ్మదిగా అనిపించింది. ఇదేం బుద్ధి? కొట్టేసి మళ్లీ రాయాలి ఈ వాక్యం.

కొట్టెయ్యలేదు.

నవంబర్ 1, శుక్రవారం

ఈ రోజు నేను చరిత్రలో మిగిలిపోతాను, కనీసం మా ఆఫీసు చరిత్రలో.

నవంబర్ ఒకటి. వాళ్లకు రాష్ట్రావతరణ దినం. పూలదండ తెచ్చారు. మాకు విద్రోహ దినం. నల్ల బ్యాడ్జీలు పెట్టుకున్నాం. ఇవాళ ముందు మాట్లాడేదెవరన్నది ఇరుపక్షాలకూ ప్రాణం.

“ఒకటో తారీఖు. బేసి. మేం ముందు,” అన్నాడు రాఘవేందర్ మైకు పట్టుకుని.

“నిన్న ముప్పై ఒకటి కూడా బేసేనండీ,” అన్నారు చక్రపాణిగారు మైకు వైరు పట్టుకుని. “నిన్న కూడా మీరే ముందు. వరసగా రెండు రోజులా?”

రాఘవేందర్ వేళ్ల మీద లెక్కపెట్టాడు. నెలకు ముప్పై ఒకటో తేదీ కూడా ఉంటుందని ఒప్పందం రాసేటప్పుడు నాకు తట్టలేదు. ఆగస్టు ముప్పై ఒకటి తర్వాత ఆదివారం వచ్చి నన్ను కాపాడింది. రెండు పక్షాల వాళ్లూ, గేటు మీద వాచ్‌మనూ నా వైపే చూశారు. పొలిటికల్ సైన్స్ ఎం.ఏ.

“మేడం, మీరు రాసిందే గదా. చదువుండ్రి,” అన్నాడు రాఘవేందర్.

చదివాను. కాగితం ప్రకారం మేమే ముందు. ఏ అనుమానమూ లేదు. న్యాయం ప్రకారం వాళ్లు ముందు. అందులోనూ అనుమానం లేదు.

చక్రపాణిగారు ఎర్రబడ్డారు. “ఇదేం ఒప్పందమండీ! కాగితం మీద సమానం, ఆచరణలో ఎప్పుడూ ఒకళ్లకే లాభం. మేం అడిగితే రూలు చూపిస్తారు. మా గోడు ఎవరికి చెప్పుకోవాలి?”

రాఘవేందర్ మొహం వెలిగిపోయింది. మైకు నోటి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా అన్నాడు: “అన్నా. యాభై ఆరు నుంచి మేం మొత్తుకునేది గిదే గదనే!”

ముందు మా వాళ్లు నవ్వారు. తర్వాత వాళ్ల వాళ్లు. ఆఖరికి చక్రపాణిగారు వైరు వదిలేసి మెట్ల మీద కూర్చుని నవ్వారు. ఎవరు ముందన్నది తేలేలోపు లంచ్ అవర్ అయిపోయింది. అవతరణా లేదు, విద్రోహమూ లేదు. వాళ్ల దండలో పూలు మా వాళ్లు జేబులకు పెట్టుకుని పైకి వెళ్లారు.

నియమం సవరించాను. ముప్పై ఒకటో తేదీన ఎవరూ మాట్లాడరు.

డిసెంబర్ 5

బిల్లుకు క్యాబినెట్ సరేనంది. అమ్మ ఈసారి ఏమీ అనలేదు.

జనవరి 9, 2014

జెరాక్స్ పేపరు వచ్చే ఖాళీ అట్టపెట్టెలు చక్రపాణిగారు స్టోర్స్‌లో అడిగి తీసుకెళ్తున్నారు. పాత పుస్తకాలు సర్దుకోవడానికి అయి ఉంటుంది.

జనవరి 17

ఇవాళ ఇంకో నాలుగు పెట్టెలు. ఆయనకు చాలా పుస్తకాలున్నట్టున్నాయి.

జనవరి 24

ధాత్రి చదువు పూర్తయ్యేదాకా హాస్టల్లో ఉంటుందట. రాఘవేందర్ చెప్పాడు. మధురానగర్‌లో మంచి లేడీస్ హాస్టల్ ఏదని తనను అడిగారట. నన్ను అడగలేదు. నేను మధురానగర్‌లోనే ఉంటాను కదా.

పుస్తకాలు కాదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

లోక్‌సభలో గెలిచాం. టీవీలో ప్రసారం ఆగిపోయింది కానీ గెలిచాం. నా జీవితంలో నేను మనసారా కోరుకున్న విషయాలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. అందులో ఇదొకటి. ఇది నిజం. ఇంకొకటి కూడా ఉంది. అదీ నిజం. మొదటిది వస్తే రెండోది పోతుంది. ఆయన లిఫ్టు ఎక్కని మనిషి.

ఆరు నెలలుగా నేను రాసిచ్చిన నినాదాలతోనే ఆయన్ను ఊరు దాటిస్తున్నానా?

నినాదం మాత్రం మార్చను. మంచి నినాదం.

ఫిబ్రవరి 20

రాజ్యసభ కూడా. అమ్మ సోఫాలోంచి లేచి నిలబడింది. “ఇచ్చిండ్రు,” అంది. కొంగుతో మొహం తుడుచుకుంది. నేను అమ్మ ఒళ్లో తలపెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చాను. దేనికని అమ్మ అడగలేదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

బేసి తేదీ. మేం ముందు. గులాల్, డప్పులు, లడ్డూలు. రాఘవేందర్ మొహం గులాబీ ముద్ద. మా ఇరవై నిమిషాలు మాటల్లేకుండానే గడిచాయి, అంతా ఎగరడమే.

గేటు కుడి పక్కన చక్రపాణిగారొక్కరే ఉన్నారు. వాళ్ల పక్షంలో ఇంకెవరూ దిగి రాలేదు. రోజూ నిలబడే చోటే, రోజూ వేసుకునే స్వెట్టర్‌తో నిలబడ్డారు.

డప్పుల మీద చెయ్యి వేసి ఆపింది రాఘవేందరే. “ఏ, ఆపుండ్రి! రూలంటే రూలే.” మైకు తీసుకెళ్లి ఆయన చేతికిచ్చాడు. “అన్నా, మీ ఇరవై నిమిషాలు.”

చక్రపాణిగారు మైకు పట్టుకుని మా గులాల్ మొహాలన్నీ ఒకసారి చూశారు. “మీ అందరికీ శుభాకాంక్షలండీ,” అన్నారు. “నేను ఆగస్టులో ఒక మాటన్నాను. మాట మీద ఉన్నాను. వచ్చే నెలలో బెజవాడ వెళ్తున్నాను. ఇక...”

నేను నడుస్తున్నానని నాకు అవతలి పక్కకు చేరాకే తెలిసింది. ఆరు నెలల్లో ఒక్కసారీ మైకు ముట్టలేదు నేను. రాసిచ్చేదాన్నే. ఆయన చేతిలోంచి తీసుకున్నాను. కీచుమంది.

“మేం అడిగింది రాష్ట్రం,” అన్నాను. “మిమ్మల్ని పొమ్మని అడగలేదు. నేనైతే అడగలే.”

మా వాళ్లు అందరూ వింటున్నారు. విననీ.

“మాటంటే మాట కదండీ నవీనగారూ,” అన్నారాయన మెల్లగా. మైకులో అది కూడా వినపడింది.

“ఏ మాట? ఆరు నెలల సంది ఈడ నిలబడి ఏం జెప్పిండ్రు మీరు? విడిపోవుడు తప్పు, ఇడిసిపెట్టి పోవుడు తప్పు. దినాం చెప్పిండ్రు. అది మాట కాదా? సమైక్యవాది అందరికంటే ముందుగాల ఇడిసిపెట్టి ఎట్ల పోతడు? రెండు మాటల్ల ఒకటి తప్పాలె. ఏది తప్పుతరో ఈ మైకులనే చెప్పుండ్రి!”

ఆయన నన్ను చూశారు. వెనక్కి తిరిగి తన పక్షం వైపు చూశారు. ఖాళీ మెట్లు. మైకు అందుకున్నారు. గొంతు సవరించుకున్నారు, సభలో తీర్మానం చదివేటప్పుడు సవరించుకున్నట్టే.

“మా పక్షంలో ప్రస్తుతం హాజరైన సభ్యులు ఒక్కరు,” అన్నారు. “తీర్మానం ప్రవేశపెడుతున్నాను. వెళ్లడం లేదు. ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.”

డప్పులు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఎవరో ఆయన స్వెట్టర్ నిండా గులాల్ పోశారు. నేను అవతలి పక్కనే నిలబడిపోయాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

చక్రపాణిగారూ ధాత్రీ భోజనానికి వచ్చారు. అమ్మ పిలిచింది. నేను పిలవలేదు. సరే, నేనే పిలిచాను.

పప్పు దగ్గర మొదలైన వాదన నీళ్ల దగ్గరికి చేరింది. కృష్ణా నీళ్లలో ఎవరి వాటా ఎంత, ఎవరు ఎవరికి ఎన్నేళ్లు ఎగ్గొట్టారు. అమ్మకు అంకెలన్నీ నోటికొచ్చు. ఆయన ఉమ్మడి రాజధాని మీదికి మళ్లించబోయారు. “పదేళ్లు ఉండనిస్తారు కదమ్మా మమ్మల్ని?”

“పదేండ్లేంది బిడ్డా, ఎప్పటికీ ఉండు,” అంది అమ్మ ఆయన కంచంలో ఇంకో జొన్నరొట్టె వేస్తూ. “నీళ్ల కాడ మాత్రం సుక్క ఇయ్య.”

“అదెట్లా కుదురుతుందమ్మా, డెల్టా ఎండిపోదూ?”

“ఎండనీ! మాకు ఎండలే?”

ధాత్రి వంటింట్లోకి వచ్చింది నవ్వుతూ. “ఆంటీ, ఆపండి వాళ్లను. పొద్దుపోయేదాకా ఇదే ఉంటుంది.”

గుమ్మంలోంచి చూశాను. చెయ్యి ఆరిపోయినా ఆయన లేవడం లేదు. అమ్మ కళ్లజోడు తీసి కొంగుకు తుడుచుకుంటోంది, అంటే అసలు వాదన ఇప్పుడు మొదలవుతుందన్నమాట. ఇద్దరిలో ఎవరూ తగ్గేలా లేరు. ఎవరూ తగ్గకూడదనే అనుకుంటూ, పెద్ద గిన్నెలో టీకి నీళ్లు పెట్టాను.